సడలించిన తీగ

1793వ సంవత్సరంలో ఆంగ్ల నావికుడు జార్జి వాంకూవర్ కాలిఫోర్నియా తీరం నుండి తన ఓడలో కొన్ని పశువులను తెచ్చి, హవాయి రాజు మొదటి కమేహమేహాకు కానుకగా సమర్పించినాడు. ఆ దీవులలో అంతకు ముందు ఆవును ఎరిగినవారు లేరు. మంద పెరిగేవరకు, పది సంవత్సరాలపాటు, వాటిని ఎవరూ చంపరాదని రాజు నిషేధం విధించినాడు. నిషేధం ఫలించింది, అవసరానికి మించి ఫలించింది. మౌనా కెయా పర్వతపు వాలులలో పశువులు అడవిపాలై, వేలకు వేలుగా పెరిగి, చేమమడులను త్రొక్కి, తోటలను మేసి, పల్లెజనానికి భయకారణమైనవి. 1832 ప్రాంతంలో మూడవ కమేహమేహా, అప్పటికి మెక్సికో ఏలుబడిలో ఉన్న కాలిఫోర్నియా నుండి, గుర్రపు స్వారీలోను ఉరిత్రాడు విసరడంలోను ఆరితేరిన పశుపాలకులను పిలిపించినాడు. వారు మాట్లాడేది స్పానిష్ భాష. 'ఎస్పన్యోల్' అన్న మాటను తమ నాలుకకు అనువుగా మార్చుకొని హవాయి ప్రజలు వారిని 'పానియోలో' అన్నారు. ఆ పేరే తరువాత హవాయి పశుపాలకులందరికీ నిలిచిపోయినది. పశువులను అదుపులో పెట్టడానికి వచ్చిన ఆ మనుష్యుల వెంట గిటార్లు కూడ వచ్చినవి.

పగలు మందల వెంట తిరిగి, రాత్రి నెగళ్ళ చుట్టూ చేరి వారు పాడుతూ ఉంటే స్థానికులు విన్నారు. కొన్నేండ్లకు వారిలో చాలమంది స్వదేశానికి మరలిపోయినారు. కొన్ని గిటార్లు మాత్రం దీవులలో ఉండిపోయినవి. పరంపరగా వస్తున్న కథ ఇది. గిటారు మిగిలింది గాని దానిని ఎట్లా శ్రుతి చేయవలెనో చెప్పే గురువు మిగలలేదు, పుస్తకమూ లేదు. మిగిలినది విన్నవారి చెవి. ఆ చెవి తనకు తెలిసిన దారినే పోయినది. తమ గొంతుకు, తమ పాటల నడకకు కుదిరేటట్లు వారు బిరడలను త్రిప్పి, కొన్ని తీగలను సడలించినారు. ఈ వాద్యరీతికి హవాయి భాషలో 'కీ హోఅలు' అని పేరు. 'హోఅలు' అంటే సడలించడం.

సడలించడంలో ఉన్న సూక్ష్మం తెలుగు పాఠకునికి స్వరాల పేర్లతో సులభంగా బోధపడుతుంది. ఐరోపా పద్ధతిలో శ్రుతి చేసిన గిటారు ఆరు తీగలను ఏ మెట్టూ నొక్కకుండ ఒక్కసారిగా మీటితే వినసొంపయిన మేళనం పుట్టదు. అందులో అన్నిటికంటె లావైన తీగను, దాని ప్రక్క తీగను, అన్నిటికంటె సన్నని తీగను రెండేసి స్వరస్థానాలు దించినామనుకొందాము. అప్పుడు ఆరు తీగలు వరుసగా పంచమం, షడ్జం, పంచమం, షడ్జం, అంతరగాంధారం, పంచమం పలుకుతాయి. ఎడమచేయి ఆనకుండగనే వాద్యమంతా ఒకే సుస్వరంగా మ్రోగుతుంది. ఈ శ్రుతికి హవాయివారు పెట్టుకొన్న పేరు 'చేమమడి'. చేమదుంపను ఉడికించి దంచి చేసే 'పోయి' వారికి నిత్యాహారం గనుక, ఇంటిముందటి మడి వంటి శ్రుతి అని ఆ పేరులోని ఆత్మీయత. ఈ శ్రుతిలోనే నడిమి షడ్జాన్ని ఒక స్థానం దించి కాకలినిషాదం చేస్తే అది 'వహినే', అంటే స్త్రీ, అనే శ్రుతులవర్గంలో చేరుతుంది. ఆ నిషాదాన్ని మీటి, మ్రోగుతూ ఉండగానే ఎడమచేతి వ్రేలితో తట్టి షడ్జానికి చేర్చడం ఆ శ్రుతికి అందం. ఇట్టి శ్రుతులు పదుల సంఖ్యలో ఉన్నవి. కొన్నిటికి ఊరి పేరు, కొన్నిటికి కొండ పేరు, కొన్నిటికి వాయించినవాని పేరు.

తీగలు ఇట్లా సిద్ధమైన తరువాత వాయించేవాడు ఒక్కడే ముగ్గురి పని చేస్తాడు. బొటనవ్రేలు మంద్రతంతులపై ఎడతెగక నడక సాగిస్తుంది. తక్కిన వ్రేళ్ళు పైతీగలపై పాటను పలికిస్తాయి. పాటకూ పాటకూ నడుమ ఖాళీలను చిన్న చిన్న పలుకులు పూరిస్తాయి. తంబురా, వీణ, తాళం ఒకే చేతిలో ఇమిడినట్లుంటుంది. ఇదంతా కాగితం మీద వ్రాసికొని నేర్చినది కాదు. తాత ఇంటి అరుగుమీద వాయిస్తూ ఉంటే మనుమడు ప్రక్కన కూర్చుండి విన్నాడు. హవాయి భాషలో తాతను గాని అవ్వను గాని 'టూటూ' అని పిలుస్తారు. టూటూ వాయించేటప్పుడు ప్రశ్నలు వేయడం మర్యాద కాదు. కన్ను చూడవలె, చెవి వినవలె, నోరు మూసికొనవలె అని వారిలో ఒక సామెత ఉన్నది. గురుకులవాసం ఎరిగిన దేశంలో ఈ సామెతకు వ్యాఖ్యానం అవసరం లేదు.

అయితే గురుకులంలో లేని ఒక నియమం ఇక్కడ ఉన్నది. ఒక కుటుంబపు శ్రుతి ఆ కుటుంబపు ఆస్తి. భూమిని, పడవను, వలను వారసునికి అప్పగించినట్లే శ్రుతిని కూడ అప్పగించేవారు. బయటివాడు వచ్చి గిటారును చేతిలోకి తీసికొంటే బిరడల స్థితిని బట్టి రహస్యం తెలిసిపోతుందని, వాయించడం ముగియగానే తీగలన్నిటిని వదులుచేసి మూలపెట్టేవారు ఉండేవారు. పరులకు నేర్పడం మాట అటుంచి, పరుల యెదుట వాయించడానికే సంకోచించినవారు ఎందరో. విద్య ఇంటిలో భద్రంగా ఉన్నది. ఇల్లే భద్రంగా లేని కాలం వచ్చినప్పుడు దాని గతి ఏమిటన్నది తరువాతి ప్రశ్న.

ఆ కాలం ఎంతో దూరాన లేదు. 1820లో అమెరికా నుండి క్రైస్తవ మతప్రచారకులు వచ్చినారు. వారు దేవాలయగీతాలను, పలువురు కలిసి వేర్వేరు స్థాయిలలో పాడే పద్ధతిని నేర్పినారు. ఆ పాఠం హవాయి సంగీతంలో ఇంకిపోయినది. కాని హూలా నృత్యం అనాగరికమని వారు ఖండించినారు. 1830లో బహిరంగ ప్రదర్శన నిషిద్ధమైనది. 1874లో సింహాసనమెక్కిన కలాకౌవా రాజు ఈ చిన్నచూపును సహించలేదు. 1883లో తన పట్టాభిషేకోత్సవంలోను, 1886లో తన యాభయ్యవ జన్మదినోత్సవంలోను హూలాను రాజాంగణంలోకి సగౌరవంగా రప్పించినాడు. పాత గానానికి గిటారును, పోర్చుగీసు వలసదారులు తెచ్చిన వాద్యం నుండి రూపొందిన ఉకులేలేను జోడించిన నూతనశైలి ఆ కాలంలో వికసించింది. సడలించిన తీగకు అది ఒక వసంతఋతువు.

వసంతం ఎక్కువకాలం నిలువలేదు. కలాకౌవా 1891లో గతించినాడు. అతని సోదరి, స్వయంగా గీతకర్త్రి అయిన లిలియువొకలాని రాణిని 1893లో పదభ్రష్టను చేసినారు. 1896లో వచ్చిన చట్టం పాఠశాలలలో ఇంగ్లీషునే బోధనభాషగా విధించింది. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకొన్నది. బడిలో మాతృభాష మాట్లాడిన బాలురు శిక్షలు అనుభవించినారు. పిల్లలకు ఆ బాధ వద్దని తల్లిదండ్రులు ఇంటిలో కూడ ఇంగ్లీషే మాట్లాడసాగినారు. రెండు మూడు తరాలలో తాతమాట మనుమనికి అర్థం కాని స్థితి వచ్చింది. తాత పాట మాత్రం అతనికి వినబడుతూనే ఉన్నది. భాషను బడి ఊడ్చివేసినప్పుడు, ఆ భాషలోని ధ్వనిని దాచియుంచినది చెవి.

ఇదే సమయంలో ఒక విచిత్రం జరిగింది. ఓవాహు దీవిలోని లాయియె గ్రామపు జోసెఫ్ కెకుకు, 1880ల చివరినాటికి, గిటారును ఒడిలో వెల్లకిల ఉంచి, సడలించి శ్రుతి చేసిన తీగలపై ఉక్కుకడ్డీని జార్చుతూ వాయించే పద్ధతిని రూపొందించినాడు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మహాప్రదర్శనంలో హవాయి గాయకబృందాలను విన్న అమెరికా ఆ నాదానికి ముగ్ధమైనది. అటు తరువాత ఉక్కుకడ్డీ గిటారు ప్రపంచయాత్ర సాగించింది. భారతదేశానికి కూడ వచ్చింది. టౌ మోయె అనే కళాకారుడు తన కుటుంబంతో దేశదేశాలు తిరుగుతూ 1940లలో కొన్నేండ్లు కలకత్తాలో నివసించినాడు. ఆ నగరంలో 'హవాయి గిటారు' ఇంటింటి వాద్యమై, రవీంద్రగీతాలను, సినిమాపాటలను పలికింది. గోటువాద్యం ఎరిగిన దక్షిణాదివారికి ఆ జారుడు క్రొత్త కాదు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై హిందూస్తానీ రాగాలను ఆలపించినాడు; విశ్వమోహన్ భట్ దానిని మోహనవీణగా మార్చుకొన్నాడు. సడలించిన తీగకు పుట్టిన కూతురు ఇట్లా దేశాలేలింది. తల్లి మాత్రం ఇంటిగడప దాటలేదు. ఉక్కుకడ్డీ వేదికను కోరినది. కీ హోఅలు అరుగును కోరినది. అందువల్లనే హవాయి గిటారును ఎరిగిన మన దేశంలో కూడ కీ హోఅలు అన్న పేరు విన్నవారు బహు స్వల్పం.

తల్లి గడప దాటినది 1946-47 ప్రాంతంలో. హొనొలూలూలో పేదకుటుంబంలో 1921లో పుట్టిన గాబీ పాహినుయి, ఒక జలపాతం పేరుతో ప్రసిద్ధమైన 'హీఇలావె' పాటను గిటారుతో పాడి 78 తిరుగుళ్ళ రికార్డుకు ఇచ్చినాడు. కీ హోఅలు రికార్డుల చరిత్ర అక్కడ ఆరంభమవుతుందని చెప్పవచ్చును. గాబీకి సంగీతలిపి చదవడం రాదు. హెర్మన్ కెయావె వంటి ప్రవీణుల వద్ద విని నేర్చుకొన్నాడు. చాలకాలం నగరపాలకసంస్థలో రోడ్డుపని చేసి పొట్ట పోసికొన్నాడు. వైమానాలోలోని అతని ఇంటిలో వారాంతాలలో గాయకులు చేరితే పాట రాత్రింబవళ్ళు సాగేది. ఆ ఇంటికి రాగలిగినవారు కొందరే. రికార్డు మాత్రం ఎవరి ఇంటికైనా పోగలదు. తరతరాల ఆచారం ఇక్కడ మలుపు తిరిగింది. తాత లేనివానికి కూడ తాత దొరికినాడు. రక్తసంబంధం లేకుండ, అనుమతి అడుగకుండ, ఎన్నిసార్లయినా విసుగు లేకుండ వాయించే తాత అతడు.

ఆ తాతకు లేని గుణం ఒక్కటే: చేయి చూపడు. కనుక రికార్డు ముందు కూర్చున్న శిష్యునికి మొదటి చిక్కు శ్రుతి. దానిని పట్టే ఉపాయాలను అభ్యాసకులు అనుభవం మీద కనిపెట్టినారు. మెట్టుమీద నొక్కిన తీగకంటె నొక్కని తీగ ఎక్కువసేపు మ్రోగుతుంది. కాబట్టి బొటనవ్రేలి నడకలో ఏ మంద్రస్వరాలు తెరిపి లేకుండ మ్రోగుతున్నవో అవి వట్టితీగల పలుకులు. వాటిని గుర్తించి తన తీగలను ఆ స్థాయికి దించుకొంటే సగం తలుపు తెరిచినట్లే. తరువాత చరణాంతంలో వచ్చే చిన్న పునరావృత్తిని పట్టుకోవలె. హూలా పాటలో చరణానికీ చరణానికీ నడుమ నర్తకికి ఊపిరి తిప్పుకొనే వ్యవధినిచ్చేది అదే. అది మాటిమాటికీ వస్తుంది గనుక చెవికి త్వరగా చిక్కుతుంది. అది చేతికి వస్తే పాట తిరిగే కీలు తెలిసినట్లే. ఆ పైన పాటవరుసను గిటారు లేకుండ నోటితో పాడుకోవలె. నోరు పాడలేని వరుసను వ్రేళ్ళు వెదకలేవు. చివరకు వేగం. 33 తిరుగుళ్ళ రికార్డులు వచ్చిన తరువాత, వాటిని 16 తిరుగుళ్ళలో నడిపి వింటే వేగం సగానికి తగ్గి, నాదం సరిగా ఒక స్థాయి క్రిందికి దిగుతుంది. తరువాతి కాలంలో స్థాయి మార్చకుండ వేగం తగ్గించే యంత్రసాధనాలు వచ్చినవి. ఉపకరణం మారింది గాని, ఒకే పలుకును నూరుసార్లు వినే ఓర్పుకు బదులు ఏదీ రాలేదు.

గాబీ వెంట మరికొందరి రికార్డులు వచ్చినవి. 1960లో లెనర్డ్ క్వాన్ గానం లేకుండ కేవలం గిటారుతోనే ఒక దీర్ఘకాలపు రికార్డును వెలువరించినాడు. సన్నీ చిల్లింగ్‌వర్త్ కంఠము, వ్రేళ్ళు కూడ ప్రసిద్ధికెక్కినవి. బాల్యంలో, తాను నీట మునిగి పట్టిన చేపలను ఇచ్చి పాఠాలు నేర్చుకొన్న రేమండ్ కానె పెద్దవాడై 1987లో అమెరికా ప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారాన్ని పొందినాడు. 1892లో పుట్టిన ఆలిస్ నామకెలువా రాచరికపు చివరి దినాలకూ ఈ పునరుజ్జీవనకాలానికీ నడుమ వంతెనగా నిలిచింది.

కాని చెవి ఒక్కటే చాలునా అన్న ప్రశ్న ఈ దశలోనే ఎదురైనది. 1960 ప్రాంతంలో గాబీతో కలిసి 'సన్స్ ఆఫ్ హవాయి' అనే బృందాన్ని నడిపిన ఎడ్డీ కమాయెకు ఒక లోటు స్ఫురించింది. పాటల పలుకులు నోటికి వచ్చినవి, అర్థం రాలేదు. ఇంగ్లీషు బడిలో పెరిగిన తరం ఆ శబ్దాలను చిలుకపలుకులుగా మోస్తున్నది. ఒక పూలదండ అన్నప్పుడు అది ప్రియురాలని, ఒక వాన పేరు చెప్పినప్పుడు అది ఫలానా లోయ అని, జలపాతం అన్నప్పుడు దాని వెనుక ఒక మనిషి కథ ఉన్నదని హవాయి కవితకు సంప్రదాయం. ఆ మర్మం తెలియనివాడు ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ సాగదీయవలెనో ఎట్లా తెలిసికొంటాడు? కమాయె ఊరూరా పెద్దలను వెదికినాడు. మేరీ కవేనా పుకుయి వద్ద అర్థాలను నేర్చుకొన్నాడు. 1957లో వెలువడిన హవాయి-ఇంగ్లీషు నిఘంటువు కర్తలలో ఒకరైన ఆ విదుషీమణి దయవలన ఎన్నో పాటలకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. శబ్దాన్ని చెవి కాపాడింది. అర్థాన్ని కాపాడినది పెద్దల జ్ఞాపకము, దానిని గ్రంథస్థం చేసిన కలము. రెండూ కలిసినప్పుడే పాట పూర్తి అయినది.

రహస్యం విషయంలో కూడ ఇట్టి మలుపే వచ్చింది. 1970లలో హవాయి యువకులు తమ భాషను, నృత్యాన్ని, నౌకావిద్యను మరల చేతికి తెచ్చుకోసాగినారు. 1976లో హోకూలేయా అనే పడవ ఆధునిక పరికరాల సహాయం లేకుండ, నక్షత్రాలను, అలలను చూచుకొంటూ తాహితి చేరింది. 1978లో రాజ్యాంగ సవరణచేత హవాయి భాష అధికారభాష అయినది. ఈ ఉత్సాహానికి నాంది పలికినట్లు, 1973లో కెయోలా బీమర్ అనే యువవాద్యకారుడు కీ హోఅలుకు తొలి బోధనగ్రంథాన్ని రచించినాడు. బిరడలను సడలించి దాచిన ఇండ్ల సంతతివారు ఆ బిరడల స్థితిని అచ్చులో చూడవలసి రావడం చిన్న మార్పు కాదు. దాచిన విద్య దాచినవారితోనే పోతుంది. పంచిన విద్య పరులపాలవుతుంది. రెండు భయాలూ నిజమైనవే. ఎంతమంది టూటూలు తమ శ్రుతులతోపాటు మట్టిలో కలిసిపోయినారో లెక్క లేదు. ఆ లెక్కలేనితనమే చివరకు పంచేవారి పక్షాన తీర్పు చెప్పినది.

గాబీ 1980లో మరణించినాడు. 1982 నుండి ఈ వాద్యానికి ప్రత్యేకంగా ఉత్సవాలు జరుగసాగినవి. 1994 నుండి, అమెరికా ప్రధానభూమికి చెందిన పియానో విద్వాంసుడు జార్జి విన్‌స్టన్ తన 'డాన్సింగ్ క్యాట్' సంస్థ ద్వారా ప్రవీణుల వాదనాన్ని వరుసగా రికార్డులుగా వెలువరించినాడు. వాటి వెంట ఇచ్చిన వివరణలో ఏ పాట ఏ శ్రుతిలో ఉన్నదో స్వరాలతో సహా ముద్రించినారు. 2005లో గ్రామీ పురస్కారాలలో హవాయి సంగీతానికి తొలిసారిగా ప్రత్యేకవిభాగం ఏర్పడినప్పుడు దానిని గెలుచుకొన్నది కీ హోఅలు సంకలనమే. ఆ విభాగాన్ని 2011లో ఎత్తివేసినారు. ఇంకొక చిన్న విశేషం. 1975లో గాబీ బృందంతో కలిసి వాయించిన అమెరికా వాద్యకారుడు రై కూడరే, తరువాత విశ్వమోహన్ భట్‌తో కలిసి వాయించి 1994లో గ్రామీ పొందినాడు. తల్లి అరుగుమీద కూర్చున్నవాడు కూతురి అత్తవారింటికి కూడ పోయి వచ్చినాడన్నమాట.

నేడు శ్రుతి రహస్యం కాదు. ఏ ఊరిలోని యువకుడైనా మూడు తీగలను దించి చేమమడిని సిద్ధం చేసికొనగలడు. ఏ మెట్టుమీద ఏ వ్రేలు ఉంచవలెనో చూపే పటాలు ఉన్నవి. అయినా ఆ పటాన్ని చూచి వాయించినవాని పాట, విని వాయించినవాని పాట ఒకటి కావడం లేదని అభ్యాసకులందరూ ఎరుగుదురు. బొటనవ్రేలి నడకలో ఒక చిన్న ఊగు ఉన్నది. అది అంకెలలో ఇమడదు. చరణం చివర గాయకుడు మాటను కొంచెం ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యం మాట అర్థాన్ని బట్టి మారుతుంది. అవి తెలియడానికి నేటికీ మార్గం పాతదే. బిరడలు సడలించి, నోరు మూసికొని, కూర్చుండి వినడం. ఆ విన్న పాటలో మాట ఏమన్నదో అడిగి తెలిసికొనడం మాత్రం తరువాతి తరాలు పాత సామెతకు చేర్చుకొన్న షరతు.